షెడ్డు కుళాయి

జనవరి. వయాల్లాలో నలభై నాలుగు డిగ్రీలు.
ఉక్కు ఫ్యాక్టరీ ఎర్రదుమ్ము
మీటరు పెట్టె మూతకి పారాణిలా అంటుకుంది.
తెరిచి చూశాను:
ఒక ఫేజు, ఒక న్యూట్రల్,
అరవై మూడు ఆంపియర్ల ఫ్యూజు,
దాని వెనక ఎర్రవీపు సాలీడు కాపురం.

"నువ్వే చెప్పు, ఏది పెట్టించుకోమంటావ్?"
తలుపు సందులోంచే అడిగింది నెవెంకా,
చల్లదనం ఎక్కడ బయటికి పోతుందోనని,
లోపల చల్లదనమే లేకపోయినా.

పాతికేళ్ళ నుంచీ నాకిదే పని.
ఈ ప్రశ్నకి జవాబు నోటికొచ్చిన ఎక్కం.
సింగిల్ ఫేజంటే ఒక్క భుజం మీది కావడి.
పడకగదికొకటి, వంటింటికొకటి చిన్న ఏసీలు,
మోస్తుంది, కిక్కురుమనదు.
ఇల్లంతా చల్లబరిచే పద్నాలుగు కిలోవాట్లదైతే మాత్రం
ఓవెన్ వెలిగించిన పూట
దానికీ ముచ్చెమటలు పోస్తాయి.
త్రీ ఫేజంటే ముక్కాలి పీట,
నేల ఎగుడుదిగుడైనా కుదురుగా నిలబడుతుంది.
కాకపోతే స్తంభం నుంచి కొత్త తీగ, కొత్త బోర్డు,
కరెంటు కంపెనీ కోసం ఆరు వారాల పడిగాపులు,
పైన ఏడు వేల డాలర్లు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు?"
"నేనొక్కదాన్నే.
బుధవారాలు పదకొండు మందిమి. లేసు అల్లుతాం.
వేళ్ళు చెమరిస్తే దారం నల్లబడుతుంది.
పోయిన బుధవారం ఆంకిత్సా సూది పారేసి
ఐసు గిన్నెలో చెయ్యి పెట్టుకు కూచుంది."

కొలతల కోసం షెడ్డులోకి వెళ్ళాను.
టార్పాలిన్ కింద లేత్ మిషను.
జ్వోంకో దాన్ని సింగిల్ ఫేజు మీదే తిప్పేవాడట,
కెపాసిటర్లు కట్టి,
మూలిగే మోటారుని బుజ్జగించి.
"ఇరవై ఏళ్ళు అడిగాడు త్రీ ఫేజు కావాలని.
ముందు ఇంటికి కప్పు, తర్వాతే నీ సరదా అన్నాను.
కప్పు వేసి పదేళ్ళయింది."
ఆ మాట అని
టార్పాలిన్ కొస సర్దింది, అది సరిగ్గానే ఉన్నా.

అప్పుడే కుళాయి తిప్పి చూశాను.
వాననీళ్ళ ట్యాంకు దగ్గర పంపు గుర్రుమంది,
వంటింట్లో పాత ఫిలమెంటు బల్బు
ఒక్కసారి రెప్ప వేసింది.
"అది లోపం" అన్నాను.
"తీగ సన్నం, దూరమెక్కువ.
పంపు మొదట పీల్చే గుక్కకి వోల్టేజీ జారుతుంది.
ఎలాగూ బోర్డు మారుస్తాం కదా, అదీ బాగుచేస్తాను."

చాలాసేపు మాట్లాడలేదు.
"ఐదింటికి ఆయన అక్కడ చేతులు కడిగేవాడు" అంది.
ఇంకేమైనా అంటుందేమోనని ఆగాను.
"మూడూ పెట్టు" అంది.

మార్చిలో తీగ వచ్చింది.
ఎండ మాత్రం జనవరిలోనే ఉండిపోయింది.
ఏసీ మూడు ఫేజులనీ సమంగా పంచుకుంది.
మిగతా ఇంటిని నేను పంచాలి:
ఓవెన్ ఒకదాని మీద,
వేడినీళ్ళు ఇంకోదాని మీద,
సాకెట్లు అటు కొన్ని, ఇటు కొన్ని,
ఎవరికీ బరువు ఎక్కువ కాకుండా
అన్నదమ్ముల పంపకంలా.
పద్ధతి ప్రకారం
పంపునీ వంటింటి దీపాన్నీ విడదీయాలి.
విడదీయలేదు.
ఆ పాత తీగ మీదే కలిపి ఉంచాను.
మూడుసార్లు కొలిచాను, నిబంధన దాటలేదు,
గీతకి ఇవతలే ఉంది,
కొంచెం ఇవతల.
బిల్లులో ఈ సంగతి రాయలేదు.

అన్నీ బిగించి స్విచ్చి వేస్తే
పైకప్పు లోపల గాలి
నిద్రలో పక్కకి తిరిగినట్టు కదిలింది.
నెవెంకా ఒక్కో గదిలో చెయ్యి చాపి చూస్తూ వెళ్ళింది,
లేసు దిండుల గదిలో అందరికన్నా ఎక్కువసేపు.

సామాను వ్యానులో సర్దేసరికి ఐదు దాటింది.
చేతులనిండా ఎర్రదుమ్ము, పాత గ్రీజు.
షెడ్డు కుళాయి తిప్పాను.
పంపు గుర్రుమంది.

తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి
బల్ల మీద రెండు కప్పులు,
పొయ్యి మీద కాఫీ పొంగబోతూ.
బల్బు వైపు నేను చూడలేదు.
ఆమె కూడా.
"చక్కెర ఎంత?" అంది.